కుక్క కోసం తిన్న మొదటి ముద్ద

మూగజీవాల ఆకలిని కూడా మరచిపోని దేవునికి స్తోత్రం. ఎండి పగిలిన నేల మీద ఒక్క గడ్డిపరకనైనా నిలబెట్టేవానికి స్తోత్రం. నోరు తెరిచి అడగలేని వాటి కోసం ఎవరో ఒకరి నోరు తెరిపించేవానికి స్తోత్రం. ముందు ఈ మాట చెప్పుకోకుండా ఏ సంగతీ మొదలుపెట్టడం నాకు అలవాటు లేదు. ఇది చదివే పిల్లలు కాస్త ఓర్చుకోవాలి.

పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి నేను. మొన్న ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక అమ్మాయి నన్ను ఆపి, "తాతా, మా కుక్కకు ఇంట్లో వండింది పెట్టొచ్చా? బక్కచిక్కిపోతాంది" అని అడిగింది. పెట్టొచ్చు తల్లీ అని ఒక్క మాటతో సరిపెట్టి ఇంటికొచ్చాను. కానీ ఆ రోజంతా నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుని లేచాను, పడుకుని లేచాను. ఆ ప్రశ్న నన్ను ఎప్పుడో విడిచివచ్చిన ఒక పల్లె దొడ్డి దగ్గరికి లాక్కుపోయి నిలబెట్టింది. అక్కడ చూసింది చెబితే తప్ప ఆమెకు నేను సరైన జవాబు ఇచ్చినట్టు కాదు.

పందొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్తలో నా ఉద్యోగం మడకశిర వైపు, తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో వినబడే పల్లెల మధ్య ఉన్న చిన్న ఆసుపత్రిలో. డాక్టరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. ఇక్కడి ఎండను చూసి ప్రతి మధ్యాహ్నమూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. అటెండరు వయసు మళ్లిన సాయిబు. నేను ప్రార్థన చేసుకోవడం చూసి నన్ను "పాస్టర్ సాబ్" అని ఆటపట్టించేవాడు. తాను మాత్రం నమాజు వేళ తప్పేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకరికొకరం అర్థమయ్యేవాళ్లం.

వాన వరుసగా మొహం చాటేసిన కాలం అది. పశువులున్నవాళ్లు మేత కోసం కన్నడ దేశం వైపు తోలుకుపోయారు. ఎద్దులను కదలకుండా నిలబెట్టడానికి ఆసుపత్రి ముందు ఒక కొయ్య చట్రం ఉండేది. దాని మీద సాయిబు తన పంచె ఆరేసుకునేవాడు. నేను తుడిచిన సీసాలనే మళ్లీ తుడిచేవాణ్ణి. వాకిట్లోకి పోయి ఆకాశం చూడడం, లోపలికి రావడం, మళ్లీ పోవడం. పని లేని జీతగాడి మనసు గాలికి కొట్టుకునే తలుపు లాంటిది.

అలాంటి ఒక పొద్దున ఒక పెద్దాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన నాకు తెలిసినవాడే. కొన్ని మైళ్ల అవతలి పల్లెలో మట్టి గోడల మీద బోదగడ్డి కప్పిన చిన్న ప్రార్థన మందిరం ఉండేది. ఆ సంఘానికి ఆయనే పెద్ద. నెలకొక ఆదివారం నేను సైకిలు మీద పోయి అక్కడ వాక్యం చదివి వచ్చేవాణ్ణి. బతుకుతెరువుకు ఆయన గొర్రెల కాపరి. తనవి కొన్ని, ఊరి రెడ్డివి చాలా, అన్నీ కలిపి మేపేవాడు.

"వందనాలన్నా," అన్నాడు. "కుక్కకు బాగలేదు. ఊర్లో పిచ్చి లేసిందంటాండారు."

"చొంగ కారుస్తాందా?" అని అడిగాను.

"కారుస్తాంది. కూడు సరిగ్గా తినదు. మూలకు పోయి ముడుచుకుంటాది. రెడ్డి మనుషులు కట్టెలు తీసుకోని వచ్చినారు. అడ్డం పడుకోని ఆపినా."

సాయిబు పంచె మడత పెడుతూ, "పేరేందప్పా కుక్కది?" అన్నాడు.

"పేరేంది సాయిబన్నా, కుక్కే. పిలిస్తే వస్తాది."

నవ్వాం. ఆయన నవ్వలేదు. ఇంకేదో చెప్పడానికి తడబడుతున్నాడు. చివరికి తల వంచుకుని, "మా ఇంటామె చేతులు నాకింది. ఆమె చేతుల నిండా పగుళ్లు" అన్నాడు.

ఈ మాట విని డాక్టరు లోపలి నుంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. బండి దొరకలేదు. నేను సైకిలు తొక్కుతుంటే డాక్టరు వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. ఎగువ వచ్చిన ప్రతిచోటా దిగి నడిచి, "ఇదేం దేశమయ్యా, చెట్టు అన్నదే లేదు" అనేవాడు.

కుక్కను ఊరి బయట ఖాళీ దొడ్డిలో గొలుసుతో కట్టేసి ఉంచారు. బూడిద రంగు, పెద్ద ఎముక. ఒక చెవి ఎప్పుడో తోడేలు కొరికి చీలిపోయింది. ఇప్పుడు పక్కటెముకలు లోపలి నుంచి తోలును పొడుస్తున్నాయి. వీపు మీద వెంట్రుకలు గుత్తులు గుత్తులుగా రాలిపోయాయి. నోటి నుంచి తీగలా చొంగ. నేను దూరం నుంచి పొడుగాటి కట్టె చాపాను. పిచ్చిదైతే కట్టెను కరిచి పట్టుకోవాలి. అది కట్టె వైపు చూసి, మర్యాదకు అన్నట్టు తోక ఒకసారి నేలకు కొట్టి, తల పక్కకు వాల్చేసింది. నోరు తెరుచుకున్నప్పుడు నాలుక కనబడింది. మధ్యలో ఎర్రగా పుండు, అంచుల్లో నలుపు. గాలి మా వైపు తిరగ్గానే డాక్టరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"పిచ్చిదైతే ఇంత కంపు కొట్టదయ్యా. ఇది నోరు కుళ్లిపోవడం. కానీ పిచ్చి కాదని ఒట్టేసి చెప్పలేను."

రెడ్డి కూడా అక్కడికి వచ్చి నిలబడ్డాడు. డాక్టరు అందరికీ వినబడేలా చెప్పాడు. పది రోజులు కట్టేసి చూడాలి. పిచ్చి లేచిన కుక్క అంతకన్నా బతకదు. బతికితే ఆ ఇల్లాలికి భయం లేదు. ఈలోపు దేనివల్ల చచ్చినా, ఎవరు చంపినా, అనుమానం తీరదు. అప్పుడు ఆమె అనంతపురం పెద్దాసుపత్రిలో ఉండి బొడ్డు చుట్టూ సూదులు వేయించుకోవాలి.

"గొర్రెల్ని ఇడిసిపెట్టి నేనెట్ల పోయేది సార్?" అన్నాడు పెద్దాయన. "కుక్క కూడా లేదు. తోడేళ్లు పట్టపగలే తిరుగుతాండాయి."

"నేను పోనుపో," అంది గుడిసె గడప దగ్గర కూర్చున్న ఆయన భార్య. "నిలబడితేనే కండ్లు తిరుగుతాండాయి. బస్సెక్కి యాడికి పోయేది?"

ఆమె చేతులు నిజంగానే కాలిన తోలులా నల్లబడి, పగిలి ఉన్నాయి. కట్టెలు ఏరి, ముళ్లు కొట్టి బతికే చేతులు అలాగే ఉంటాయనుకున్నాం. డాక్టరు చూపు కుక్క మీదే ఉంది, నా చూపూ అంతే. పశువుల ఆసుపత్రి వాళ్లం కదా.

"దీనికి ఏం పెడుతున్నారు?" అని డాక్టరు అడిగాడు.

"మేం తినేదే సార్. జొన్న అంబలి."

"దాంతో పాటు?"

"ఉప్పు."

"కాపరి ఇంటి కుక్కయ్యా! పాలు పోయరా? గొర్రె చస్తే మాంసం పెట్టరా?"

పెద్దాయన నా వైపు తిరిగి, "అన్నా, మొక్కు ఉండాది" అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఎండలు ముదరక ముందే ఆ సంఘమంతా మందిరంలో నిలబడి దేవుని ముందు మాట ఇచ్చిందట. వాన పడేదాకా మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు, శెనక్కాయ ముట్టరు. జొన్నా ఉప్పూ తప్ప ఏదీ లేదు. ఈ మొక్కు ఆలోచన పెద్దాయనదే. లేఖనాల్లో ఒక పట్టణం ఉంది. తమ మీదికి నాశనం వస్తుందని విన్న రాజు బూడిదలో కూర్చుని, మనుషులే కాదు, పశువులు కూడా మేత ముట్టకూడదని చాటించాడు. దేవుడు ఆ పట్టణాన్ని కనికరించాడు. ఆ కథ ఆ ఊళ్లో వాళ్లకు చాలా ఇష్టం. అందుకని మొక్కులో "మనుషులమూ పశువులమూ" అని కూడా అన్నారు. గొర్రెలు దొరికిన ఆకూ అలమూ కొరుక్కుంటూనే ఉన్నాయి, వాటిని ఆపగలిగేదెవరు? ఆ మొక్కు తగిలింది మనుషుల చేతి కూడు తినే ఒక్క ప్రాణికే.

డాక్టరుకు వివరంగా చెప్పాను. ఆయన మళ్లీ ఒకసారి కుక్క నాలుక వంక చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నల్ల నాలుక అంటారు దీన్ని. చదువుకున్నాను గానీ ఎప్పుడూ చూడలేదు. ఒకే గింజ తిని బతికే కుక్కలకి వస్తుంది. బిళ్లలు మద్రాసు నుంచి రావాలి, అవి వచ్చేలోపు ఇది ఉండదు. ఇంట్లో వండి పెట్టండి. కార్జం, గుడ్డు, పాలు, వేరుశెనగ. అదే మందు" అన్నాడు. సైకిలు దగ్గరికి పోయి ఆగి, "మొక్కు సంగతి నాకు తెలీదయ్యా. అది నీ శాఖ" అన్నాడు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మొక్కు అంటే నాకూ భయమే. యుద్ధం గెలిస్తే తన ఇంటి గడప దాటి మొదట ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని తొందరపడి మొక్కి, ఎదురొచ్చిన కూతుర్నే పోగొట్టుకున్న తండ్రి కథ నేను ఎన్నోసార్లు చదివి వినిపించాను. మాట ఇచ్చిన మనిషిని మాట తప్పమనే హక్కు నాకెవరిచ్చారు? రేపు వాన రాకపోతే, నా మాట విన్నందుకే రాలేదని వాళ్లు అనుకుంటే, వాళ్ల విశ్వాసం ఏమైపోతుంది? మరోవైపు ఆ కుక్క చావు. దాని వెంట ఆ తల్లి పాట్లు. తొక్కుతున్నంతసేపూ ఈ రెండూ నాతోనే తిరిగాయి, చక్రంలో చిక్కుకున్న గుడ్డపేలికలా.

నేను కనుక్కున్న దారి చిన్నది. వాళ్లింట్లో వండకపోతేనేం, మా ఇంట్లో వండి తెస్తాను. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "నువ్వు తెచ్చి నువ్వు పెడితే నేను అడ్డం రాను" అన్నాడు. సాయిబు తన బావమరిది కసాయి కొట్టు నుంచి మేక కార్జం తెచ్చాడు. మా ఇంటామె దాన్ని మెత్తగా ఉడికించి, రాగి సంగటిలో మెదిపి, గుడ్డు కలిపింది. కుక్కకు పుండునోరని కారం వేయలేదు. గిన్నె మూతకు గుడ్డ కట్టి, సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని పోయాను. కట్టెతో మెల్లగా గిన్నెను దాని ముందుకు నెట్టాను.

అది వాసన చూసింది. ముక్కు అదిరింది. చొంగ ఇంకా ఎక్కువ కారింది. తల పక్కకు తిప్పుకుంది.

తినలేకపోవడం పిచ్చికి కూడా గుర్తే. కానీ దాని కళ్లు గిన్నె మీదే ఉన్నాయి. మరుసటి రోజు ఉప్పు లేకుండా చేయించాను. ముట్టలేదు. ఆ తర్వాత పాలల్లో కలిపించాను. ముట్టలేదు. సాయిబు ఆసుపత్రిలో పంచాయితీ పెట్టాడు. "పాస్టర్ సాబ్, మసాలా లేకుండా కార్జం నేనైనా తినను. మా ఇంటికి తోలుకురా, మా బేగం చేతి వంట చూస్తే గొలుసు తెంచుకోని వస్తాది."

"గొలుసు తెంచుకుంటే రెడ్డి చంపుతాడు చాచా."

"అయితే గొలుసుతో పాటే తోలుకురా."

నవ్వడానికి కూడా నాకు ఓపిక లేదు. కుక్క ఇప్పుడు తల ఎత్తడం మానేసింది. అంబలి కూడా రెండు గుటకలే.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను దొడ్డి గోడకు ఆనుకుని నిలబడి ఉంటే పెద్దాయన భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు చూసింది. చివరికి, "అది తినదన్నా" అంది.

"ఎందుకు తినదు తల్లీ?"

"ఇంటి మనిషి ఎంగిలి చేయందే ముట్టదు. గొర్రెల కుక్కకు పిల్లప్పుడు నుంచే నేర్పిస్తాం. దొంగలు మందు కలిపిన కూడు ఇసిరి, కుక్కను చంపి గొర్రెలు తోలుకోని పోతారు గదా. అందుకని నేనో ఆయప్పో దాని ముందర ఒక ముద్ద తినాల. అప్పుడే తింటాది. అంబలైనా అట్లే పెడతాండా."

నేను నిర్ఘాంతపోయాను. "ఈ మాట మొదటిరోజే చెప్పుంటే?"

"చెప్తే నన్ను తినమంటారు గదన్నా."

నేను గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకుని, కుక్క చూస్తుండగా నోట్లో పెట్టుకున్నాను. అది నన్ను చూసి కళ్లు మూసుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. "నువ్వు ఇంటి మనిషివి కాదు గదన్నా. దొంగలు కూడా అట్లే తినచ్చు." నవ్వగానే మూతి బిగబట్టి చేత్తో కప్పుకుంది. నోరు మండుతోందని అప్పుడు నాకు తట్టలేదు. సిగ్గు అనుకున్నాను.

సాయంత్రం గొర్రెలు ఇంటికొచ్చేదాకా ఆగి పెద్దాయనతో మాట్లాడాను. నాకు తెలిసిన వాక్యమంతా ఆయన ముందు పరిచాను. ఆ పట్టణం కథ చివరిదాకా చదువు పెద్దాయనా అన్నాను. ఉపవాసం దగ్గర ఆగొద్దు. కుడి ఏదో ఎడమ ఏదో తెలియని పసివాళ్లను తలుచుకున్న దేవుడు, వాళ్ల పక్కనే పశువులను కూడా తలుచుకుని జాలిపడలేదా? ఆ జాలే కదా కథ చివర మిగిలింది?

ఆయన గొర్రె కాలి ముల్లు తీస్తూ విన్నాడు. "నిజమేలేన్నా. కానీ మాట ఇచ్చినాం. రేపు వాన రాకుంటే ఎవురిది జవాబు? నీదా?"

నేను ఇంకో వాక్యం వెతుక్కున్నాను.

"భార్య మొక్కుకుంటే భర్త ఆ మొక్కును విడిపించవచ్చని ధర్మశాస్త్రంలో ఉంది గదా. ఆమెనన్నా విడిపించు."

"ఉండాది. నేనే పెద్దను. నా ఇంట్లో నేనే ఇప్పితే, రేపు ఆదివారం సంఘం ముందర ఏ మొగం పెట్టుకోని నిలబడల్ల?" అని ముల్లు తీసి పారేసి, గొర్రెను వదిలాడు. అది కుంటుతూ మందలో కలిసిపోయింది.

ఆయన మొండివాడని మీరు అనుకోవద్దు. ఆయన కళ్లు కూడా లోతుకు పోయి ఉన్నాయి. కుక్కతో పాటే ఎండుతున్నాడు. ఇచ్చిన మాటను ఏడుస్తూ నిలబెట్టుకునేవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ వారమంతా నా ప్రార్థన కూడా సగంలోనే తెగిపోయేది. మోకాళ్ల మీద ఉండగానే లేచి వాకిట్లోకి పోయేవాణ్ణి, ఎవరో పిలిచినట్టు.

ఇంతలో తోడేలు పట్టపగలే మందలో పడి రెడ్డిదొక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. దాంతో రెడ్డి ఓపిక అయిపోయింది.

మరుసటి పొద్దున నేను సైకిలు దిగేసరికి దొడ్డి చుట్టూ కట్టెలు పట్టుకున్న మనుషులు. పెద్దాయన చేతులు చాపి దొడ్డి వాకిలికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆగండి! డాక్టరు గడువు తీరలేదు," అని అరిచాను.

రెడ్డి నా వైపు తిరిగాడు. చెడ్డవాడేమీ కాదు. విసిగిపోయినవాడు. "ఏమప్పా కాంపౌండరూ, ఎన్నాళ్లు చూసేది? దినామూ గిన్నె తెస్తాండావు, గిన్నె తీసుకోని పోతాండావు. పెండ్లిచూపులా ఇవి? పిచ్చి కాకుంటే తినాల గదా! మాంసం పెట్టినా తినని కుక్కను ఈ దేశంలో యాడైనా చూసినావా?"

"తింటుంది."

"తినేది చూపించు. ఇప్పుడే, నా కండ్ల ముందర. తింటే నా మనుషులు పోతారు. తినకుంటే నువ్వు పక్కకు జరుగు."

నా చేతిలో గిన్నె వేడిగానే ఉంది. పెద్దాయన వైపు చూశాను. ఆయన నా కళ్లు తప్పించాడు. ఆ క్షణంలో నాకు వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రభువా అన్న మాట తప్ప.

గుడిసె వైపు నుంచి ఆమె వచ్చింది. గోడ పట్టుకుంటూ, ఆగి ఆగి నడుస్తూ. నా చేతిలో గిన్నె తీసుకుంది.

"వద్దు," అన్నాడు పెద్దాయన.

ఆమె ఆగింది. "మొక్కేటప్పుడు నన్ను అడిగినావా? దాన్ని అడిగినావా? నువ్వు నిలబడితే నేనూ తలొంచుకోని నిలబడినా. అంతే." గొంతు పెద్దది చేయలేదు. "దేవుడు అడిగితే నన్ను అడగమను. నేను చెప్పుకుంటా."

గొలుసు అందనంత దూరంలో, కుక్కకు ఎదురుగా కూర్చుంది. దాన్ని పిలిచింది, పేరు లేని దాన్ని, నాలుకతో చిన్న చప్పుడు చేసి. అది కళ్లు తెరిచింది. ఆమె కార్జం కలిపిన సంగటి ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. కారం లేని కూడే, అయినా కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. నమలలేక నమిలి మింగింది. ఇంకో ముద్ద కూడా తిన్నది. తర్వాత కట్టెతో గిన్నెను ముందుకు నెట్టింది.

కుక్క ముందుకాళ్ల మీద లేవబోయి పడింది. పొట్ట మీదే జరిగి, గిన్నెలో మూతి పెట్టింది. నాకింది. ఆగింది. మళ్లీ నాకింది. ఒక్కొక్క గుటకకూ ఒళ్లు వణుకుతోంది. తిన్నది, గిన్నె అడుగు దొడ్డి బండలకు గీసుకున్న చప్పుడు వినబడేదాకా.

రెడ్డి కాసేపు నిలబడి చూశాడు. "కుక్క కంటే ముందు ఆడమనిషి తినే మందు. ఇదేం వైద్యమో," అన్నాడు. తర్వాత తన మనుషులతో, "పాండ్రా, పనులు లేవా?" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి రోజూ అదే వరస. నేను గిన్నె తెస్తాను, ఆమె ముందు తింటుంది, తర్వాత కుక్క. రెండు రోజులకే కుక్క లేచి నిలబడింది. చొంగ తగ్గింది. నాలుక అంచుల్లో నలుపు పొరలుగా ఊడి, కింద గులాబీ రంగు కనబడింది. గడువు తీరిన రోజు డాక్టరు వచ్చి, దాన్ని చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అప్పుడే ఆమె గిన్నె అందుకోవడానికి వంగింది. పైట జరిగి మెడ కనబడింది. మెడ చుట్టూ, హారం వేసినట్టు, నల్లటి పొలుసుల పట్టీ.

డాక్టరు చప్పట్లు ఆగిపోయాయి. "అమ్మా, నాలుక చూపించండి" అన్నాడు. ఆమె నా వైపు చూసి, సిగ్గుపడుతూ చూపించింది. ఎర్రటి, నున్నటి నాలుక. కుక్కది మానుతున్నట్టే, మానుతున్న పుండ్లు.

"ఇద్దరికీ ఒకటే జబ్బయ్యా," అన్నాడు నాతో మెల్లగా. "కుక్కకి ముందు బయటపడింది, అంతే. ఈవిడ కళ్లు తిరగడం, చేతులు పగలడం, అన్నీ అదే. మొదటిరోజే మన ఎదురుగా కూర్చుంది గదా ఈవిడ, మనం చూడనే లేదు!" ఒక్క నిమిషం ఆగి, ఆమెతో కొంచెం గట్టిగా అన్నాడు. "నేను పశువుల డాక్టర్నమ్మా. మనుషులకి మందు రాయకూడదు. మనుషుల డాక్టరుకి చూపించుకోండి. ఈలోగా కుక్కకి రాస్తాను. రోజూ గుడ్డు, కార్జం, పాలు, గుప్పెడు వేరుశెనగపప్పు. పెట్టేముందు మీరు సగం తినాలి. సగం! లేకపోతే కుక్కకి నయం కాదు."

ఆమె పకపకా నవ్వింది. ఈసారి నోరు కప్పుకోలేదు.

ఇక ఒక్క సంగతి మిగిలింది. పెద్దాయన చేతులు కూడా అలాగే నల్లబడి ఉన్నాయి. డాక్టరు చెప్పినా, నేను చెప్పినా, "వాన పడనీ" అనేవాడు. భార్యను ఒక్క మాటా అనలేదు. ఆమె తినేటప్పుడు మాత్రం అక్కడ ఉండేవాడు కాదు. సంఘంలో కూడా ఎవరూ పైకి ఏమీ అనలేదు. కానీ అందరి కళ్లూ ఆయన మీదే ఉండేవి.

అప్పటికి కుక్కకు ఆమే ఇంట్లో వండుతోంది. ఒక పొద్దున నేను దొడ్డికి పోయేసరికి ఆమె బిందె చంకనెత్తుకుని ఎదురొచ్చింది. "ఆయప్పకు చెప్పినా అన్నా, ఈపొద్దు కుక్కకు నువ్వే పెట్టు, నేను నీళ్లకు పోతాండా అని" అంది. బావి ఇంటి పక్కనే ఉంది. ఆమె ఊరి అవతలి బావి వైపు నడిచింది.

దొడ్డిలో పెద్దాయన కుక్క ఎదుట గొంతుకూర్చుని ఉన్నాడు. మధ్యలో గిన్నె. కుక్కకు ఇప్పుడు గొలుసు లేదు. అది గిన్నె వైపు చూడడం లేదు, ఆయన మొహం వైపు చూస్తోంది. ఆయన గిన్నెను ముందుకు జరిపాడు. అది కదలలేదు. "తిను," అన్నాడు. అది తోక ఊపింది, తినలేదు. "తిను, నాయనా," అన్నాడు మళ్లీ. ఆకలికి దాని పొట్ట ఎగసిపడుతోంది. అయినా ఎదురు చూస్తోంది, నేర్పినవాడి మీద నమ్మకంతో.

నేను గోడ ఇవతలే నిలిచిపోయాను. గాలి దుమ్ము లేపుతోంది. ఆకాశంలో మబ్బు ఒక్కటీ లేదు. ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత తలపాగా తీసి పక్కన పెట్టాడు. అన్నం ముందు ప్రార్థన చేసుకునేటప్పుడు తీసినట్టు. కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. చేయి గిన్నెలోకి పోయింది.

నేను మొహం తిప్పుకున్నాను. ఒక మనిషి దేవునితో మాట్లాడుతుంటే చూస్తూ నిలబడడం మర్యాద కాదు. కాసేపటికి గిన్నె అడుగు బండలకు గీసుకున్న చప్పుడు వినబడింది.

తర్వాతి ఆదివారం ఆయన సంఘం ముందు నిలబడి ఒక్క మాట అన్నాడు. "నేను తిన్నా. మీరూ తినండి." అంతకన్నా ఏమీ చెప్పలేదు. ముందు వరసలో ఒక ముసలామె పెద్దగా ఏడ్చింది. దుఃఖానికో సంతోషానికో నాకు తెలియదు. వాన ఆ తర్వాత చాలా రోజులకు గానీ రాలేదు. మాట తప్పినందుకే ఆలస్యమైందని ఎవరైనా అంటారేమో అని నేను ఆకాశాన్నీ మనుషులనూ బెదురుగా చూస్తూ తిరిగాను. ఎవరూ అనలేదు. వాన పడిన రోజు ఆ కుక్క మందిరం చూరు కింద నిలబడి ఒళ్లు విదిలించి, లోపలున్న వాళ్లందరినీ తడిపిందని సాయిబుకు ఎవరో చెప్పారట. ఆయన ఆ మాట నాకు చెప్పి, "నీ దేవుడు కుక్కతో కూడా పని చేయించుకుంటాడు పాస్టర్ సాబ్" అన్నాడు. "నీ దేవుడు కూడా" అన్నాను. ఇద్దరం వాకిట్లో తడుస్తూ నిలబడ్డాం.

మా సంఘంలోని అమ్మాయీ, నీ ప్రశ్నకు ఇదీ జవాబు. పెట్టొచ్చు తల్లీ. ఇంట్లో వండినదే పెట్టు. అయితే ఒక్కటే పదార్థం రోజూ పెట్టకు, వండేది దానికి ఒంటబట్టేదై ఉండాలి. వండే ముందు నీ కంచంలోకి కూడా ఒకసారి చూసుకో.

ఇది చదివిన వాళ్లు ఇప్పుడు ఒక్క క్షణం నాతో పాటు తల వంచండి. ప్రభువా, మా మాటల బరువు మా మీదనే పడనివ్వు, మా చేతి కూడు తినే వాటి మీద పడనివ్వకు. మేము తినకపోతే తినలేని ప్రాణులు మా ఎదుట కూర్చుని చూస్తున్నప్పుడు, వాటి చూపులో నీ పిలుపు మాకు వినబడనివ్వు. ఆమేన్.